రూల్‌బుక్‌కు సొంత జాకెట్: కొలత నుంచి మడత దాకా

రోల్‌ప్లేయింగ్ గేమ్ (ఆటగాళ్లు పాత్రలై కథ నడిపే ఆట) రూల్‌బుక్‌కి నచ్చిన ముఖచిత్రం పెట్టుకోవాలంటే అసలు అట్ట జోలికి వెళ్లక్కర్లేదు. పైన తొడిగే కాగితపు జాకెట్ చాలు. బొమ్మ ఎంత బాగున్నా జాకెట్ చెడేది ఎక్కువగా వెన్ను దగ్గరే. అందుకే ముందు కొలత, తర్వాతే బొమ్మ.

పుస్తకానికి చెప్పే సైజు సాధారణంగా లోపలి పేజీలది. గట్టి అట్ట అంతకన్నా మూడు వైపులా కొద్దిగా బయటికి ఉంటుంది. వెన్ను మందం ముద్రణను బట్టి మారొచ్చు కూడా. కాబట్టి చేతిలో ఉన్న కాపీనే కొలవండి. రెండు సెంటీమీటర్ల వెడల్పున్న కాగితం పట్టీని ముందు అట్ట తెరిచే అంచు లోపలి వైపు నుంచి వెన్ను మీదుగా వెనక అట్ట తెరిచే అంచు లోపలి వైపు దాకా, మరీ బిగించకుండా చుట్టండి. మలుపు వచ్చిన ప్రతిచోటా గీత పెట్టండి. అట్టల మందం కూడా ఈ పట్టీలోనే వచ్చేస్తుంది. స్కేలుతో విడివిడిగా కొలిచి కూడేవాళ్లు మర్చిపోయేది సరిగ్గా దాన్నే.

అట్ట వెడల్పు 222 మి.మీ., ఎత్తు 286, వెన్ను 24, అట్ట మందం 3 అనుకుందాం. పట్టీ 474 వస్తుంది. లోపలికి మడిచే రెక్కలు 80 చొప్పున కలిపితే 634. ఎత్తు మాత్రం ఒక మిల్లీమీటరు తగ్గించి 285 చేయండి. జాకెట్ అట్టని దాటి బయటికొస్తే షెల్ఫులోంచి తీసి పెట్టేటప్పుడు అంచులు నలిగి చిరుగుతాయి. చుట్టూ 3 మి.మీ. బ్లీడ్ (ముద్రించాక కత్తిరించేసే అదనపు అంచు) కలిపితే ఫైలు 640 × 291. అంటే 300 డీపీఐ (అంగుళానికి చుక్కలు) దగ్గర 7559 × 3437 పిక్సెళ్లు. రెక్క 100 ఉంటే పట్టు ఇంకా బాగుంటుంది కానీ, 330 × 660 షీటు తీసుకునే డిజిటల్ ప్రెస్‌లో అది పట్టదు, చుట్ట కాగితం మీద ముద్రించే రోల్ ప్లాటర్ వెతుక్కోవాలి. 60కి తగ్గిస్తే పుస్తకం తెరిచినప్పుడల్లా జారిపోతుంది.

ఫైల్లో ఎడమ నుంచి వెనక రెక్క, వెనక అట్ట, వెన్ను, ముందు అట్ట, ముందు రెక్క. వెన్నుకి వేరే రంగు వేసి అంచున గీత గీయకండి. తొడిగేటప్పుడు మిల్లీమీటరు అటూ ఇటూ జరగడం మామూలే, గీత ఉంటే ఆ కాస్తా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. బొమ్మనే వెన్ను మీదుగా సాగనిచ్చి, పేరుని మధ్యలో, రెండు వైపులా కనీసం 3 మి.మీ. ఖాళీ ఉంచి పెట్టండి.

బొమ్మ సొంతంగా గీయలేకపోతే మ్యూజియాల పబ్లిక్ డొమైన్ (కాపీరైట్ లేని) సేకరణలు నిజంగా గని. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం 2017 నుంచి అలాంటి చిత్రాలను సీసీ0 (ఏ షరతూ లేకుండా వాడుకోనిచ్చే లైసెన్సు) కింద ఉచితంగా ఇస్తోంది. జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ చెక్కిన గుర్రపు వీరులు, ఇటలీకి చెందిన పిరనేసి గీసిన చీకటి కారాగారాలు ఫాంటసీ గేముకి అతికినట్టు సరిపోతాయి. డంజన్స్ అండ్ డ్రాగన్స్ గేమ్ మూల నియమాల పత్రం ఎస్ఆర్‌డీ 5.1, అందరూ వాడుకోనిచ్చే క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద 2023లో విడుదలైంది కదా అని ఆ పుస్తకాల్లోని బొమ్మలు వాడొద్దు, ఆ లైసెన్సు నియమాల పాఠానికే. జాకెట్ ఫైలుని నలుగురికీ పంచేటట్టయితే ప్రచురణకర్త ఫ్యాన్ కంటెంట్ (అభిమానులు చేసుకునే వాటి) నియమాలు ముందే చదవండి. లోగోలు వాడకపోవడం, అమ్మకపోవడం, అనధికారికమని రాయడం వాటిలో తరచూ కనిపించే షరతులు.

రంగులు సీఎంవైకేలో, అంటే ముద్రణకు వాడే నాలుగు సిరాల పద్ధతిలో చూసుకోండి. తెర మీద మెరిసే నీలం, ఊదా ముద్రణలో మసకబారతాయి. చిన్న అక్షరాలకు కేవలం 100 శాతం నలుపు సిరానే వాడండి. నాలుగు రంగులు కలిపిన నలుపైతే, ఒక రంగు వెంట్రుకవాసి జరిగినా అక్షరం అంచులు రంగురంగులుగా కనిపిస్తాయి.

కాగితం 150 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాములు) ఆర్ట్ పేపర్, పైన మ్యాట్ లామినేషన్ (మెరుపు లేని పల్చని ప్లాస్టిక్ పొర). లామినేషన్ లేకపోతే మడత దగ్గర టోనర్ (డిజిటల్ ప్రెస్ వాడే పొడి సిరా) పగిలి తెల్లగీత వస్తుంది. కాగితపు నార (పీచు సాగే దిక్కు) వెన్నుకి సమాంతరంగా ఉండాలని ప్రెస్‌లో గట్టిగా చెప్పండి. అడ్డంగా ఉంటే రెక్కలు స్ప్రింగులా పైకి లేస్తాయి. షీటుని రెండు దిక్కులా మెల్లగా వంచి చూడండి, ఏ వైపు తేలిగ్గా వంగితే మడత గీత వెంబడి నార నడుస్తున్నట్టు. ప్రింట్ చేసేటప్పుడు ‘ఫిట్ టు పేజ్’ తీసేసి 100 శాతం పెట్టించండి. ముందుగా మామూలు కాగితం మీద నలుపు తెలుపులో ఒక నమూనా తీసి తొడిగి చూస్తే ఖరీదైన షీటు పాడవదు.

మడతలు ఫైల్లోని గీతల్ని నమ్మి వేయొద్దు, పుస్తకాన్ని నమ్మి వేయండి. పేరు వెన్ను నడుమకి వచ్చేలా సర్ది, వెన్ను రెండు అంచుల్నీ వేలితో నొక్కి గుర్తు పెట్టండి. జాకెట్ తీసి, స్కేలు ఆన్చి, ఇంకు అయిపోయిన బాల్‌పెన్‌తో లోపలి వైపు గాడి గీసి అప్పుడు మడవండి. రెక్కల్ని చివర్లో, అట్ట అంచున మిల్లీమీటరు వదులు ఉంచి మడవాలి. పూర్తిగా బిగిస్తే అట్ట తెరవగానే జాకెట్ లాగి రెక్క మూల చిరుగుతుంది. ఎక్కడా జిగురు, టేపు వద్దు. టేపు జిగురు కాలంతో కారి అసలు అట్టని అంటుకుంటుంది.