చిగుళ్ల సర్వేకి వెళ్లేముందు ప్రోబ్ మీద గీతలు లెక్కపెట్టండి

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. గజపతి జిల్లా పల్లెల్లో చిగుళ్ల జబ్బు మీద మొదటిసారి సర్వే చేసినప్పుడు మా ఇద్దరి అంకెలు కలవలేదు. పంటికీ చిగురుకీ మధ్య లోతు నా కాగితాల్లో 4 మిల్లీమీటర్లని చాలాచోట్ల ఉంది, నాతో వచ్చిన డాక్టరుగారి కాగితాల్లో ఒక్కచోటా లేదు. రెండు రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాక ఆయన ప్రోబ్ (ఆ లోతు కొలిచే గీతల పుల్ల) అడిగి తీసుకుని కిటికీ దగ్గర పట్టి చూశాను. విలియమ్స్ ప్రోబ్. 1, 2, 3 తర్వాత నేరుగా 5, ఆపైన 7. నాలుగో గీతే లేదు. నాది యూఎన్‌సీ-15, ప్రతి మిల్లీమీటరుకీ గీత ఉంటుంది. ఆయన 4 వచ్చినచోట ఒకసారి 3, ఒకసారి 5 వేశారు. చిగురు బాగుందా, చికిత్స కావాలా అని తేలేదేమో ఆ 4 దగ్గరే! ఎండనపడి తిరిగి చూసిన నోళ్లన్నీ లెక్కకి రాకుండా పోయాయి. తలచుకుంటే ఇప్పటికీ బాధే.

కాబట్టి అందరికీ ఒకే రకం ప్రోబ్ కొనండి. పంటికి ఆరు చోట్ల కొలవండి, బయటవైపు మూడు, లోపలివైపు మూడు. నొక్కే బలం సుమారు 25 గ్రాములు ఉండాలి; చిన్న డిజిటల్ కాటా మీద ప్రోబ్ మొన ఆనించి చేతికి అలవాటు చేసుకోండి. ప్రోబ్ పెట్టాక రక్తం వస్తుందేమో చూడ్డానికి ఎన్ని సెకన్లు ఆగాలో ముందే రాసిపెట్టుకోండి, మేం 30 ఆగుతాం. ఊళ్లకి వెళ్లేముందు పదిమందిని ఇద్దరూ విడివిడిగా చూసి, తేడా ఒక మిల్లీమీటరు దాటినచోట ఆ పన్ను మళ్లీ కలిసి చూడండి.

మా వైపు ఇంకో చిక్కుంది. పొద్దున్నే గుడాఖుతో (పొగాకు ముద్ద) పళ్లు తోమేవాళ్లున్నారు, చుట్ట మండే కొసని నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే అమ్మమ్మలున్నారు. పొగ అలవాటుంటే చిగుళ్ల నుంచి రక్తం తక్కువ వస్తుంది. రక్తం ఒక్కటే చూస్తే జబ్బు లేదనుకుంటాం. "రగతం రాదమ్మా, పన్నే కదుల్తాది" అంది ఒకావిడ. పళ్ల సందులో ప్రోబ్ పెడితే లోతు 2. కానీ చిగురు అప్పటికే 4 జారిపోయి ఉంది. ఎనామిల్ ముగిసి వేరు మొదలయ్యే గీత నుంచి కొలిస్తే పట్టు నష్టం, అంటే పంటి మీద చిగురు పట్టు వదిలిన మేర, 6! 2018లో అచ్చయిన చిగుళ్ల జబ్బు వర్గీకరణ ప్రకారం సందుల్లో ఈ నష్టం 5, ఆపైన ఉంటే కనీసం మూడో దశ. లోతుతోపాటు చిగురు ఎంత జారిందో కూడా తప్పక రాయండి.

చికిత్స ఫలితం చెప్పేటప్పుడు సగటు లోతు తగ్గిందంటే సరిపోదు. లోతు 4 దాటకుండా, రక్తం రాకుండా ఉన్న చోట్లు ఎన్నో చెప్పండి. ఏది ముఖ్య ఫలితమో అధ్యయనం మొదలుపెట్టకముందే తేల్చుకోండి. అందరూ కనీసం ఇవి కొలవాలని ఒప్పుకున్న జాబితాలు 2010లో మొదలైన కామెట్ అనే పరిశోధకుల బృందం వాళ్ల డేటాబేస్‌లో దొరుకుతాయి, ముందు అక్కడ వెతకండి.

రోగి మాటా ఒక కొలతే. మేం "గట్టివి నమలగలుగుతున్నారా?" అని అడుగుతాం. ఆ ప్రశ్నని తెలుగు, ఒడియా, సవర మూడింట్లోనూ రాయించి, కాగితం చూసి అదే మాటతో అడుగుతాం.