డిప్రెషన్ మందును పట్టే బంగారు నానో సెన్సర్: ల్యాబ్‌లో ఎలా చేసుకోవాలి

పాలమూరు యూనివర్సిటీలోనో, నల్గొండ మహాత్మాగాంధీ యూనివర్సిటీలోనో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతూ సెన్సర్ల మీద ప్రాజెక్టు తీసుకున్నారా? అయితే ఇమిప్రమైన్‌తో మొదలుపెట్టండి. డిప్రెషన్‌కు వాడే పాత ట్రైసైక్లిక్ (మూడు వలయాల అణువున్న) మందు, హైడ్రోక్లోరైడ్ రూపంలో నీళ్లలో బాగా కరుగుతుంది, ఎలక్ట్రోడ్ మీద తేలిగ్గా ఆక్సీకరణ చెందుతుంది. అప్పుడు వచ్చే కరెంటును కొలిచి మందు ఎంతుందో చెప్పడమే ఈ సెన్సర్ పని.

ముందు నీళ్ల సంగతి చూసుకోండి. మన బోరు నీళ్లంటే అందరం ఫ్లోరైడ్ గురించే మాట్లాడుకుంటాం గానీ, ఈ పనిని చెడగొట్టేది అందులోని మొత్తం ఉప్పు. ఎలక్ట్రోడ్ మీద పూతగా వేయబోయే, సిట్రేట్ అంటిన బంగారు నానో కణాలు విడివిడిగా నిలిచేది వాటి మీది రుణావేశం వల్ల; ఉప్పు ఎక్కువైతే అవి ఒకదానికొకటి అతుక్కుపోయి ఎర్రటి ద్రావణం నీలంగా మారుతుంది. అందుకే ఫ్లాస్కు ఆఖరి కడుగు కూడా డీఅయొనైజ్డ్ (లవణాల అయాన్లు తీసేసిన) నీళ్లతోనే.

ఇక బంగారు కణాల తయారీ. 0.01 శాతం క్లోరోఆరిక్ ఆమ్లం (బంగారం ఉన్న లవణ ద్రావణం) 50 మి.లీ. మరిగించి, బాగా కలుపుతూ 1 శాతం ట్రైసోడియం సిట్రేట్ 1 మి.లీ. ఒక్కసారిగా పోయండి. లేత పసుపు పోయి, నీలి ఛాయ వచ్చి, చివరికి ఎరుపు తేలుతుంది. 1951 నాటి టర్కెవిచ్ పద్ధతి ఇదే. స్పెక్ట్రోఫోటోమీటర్‌లో 520 నానోమీటర్ల దగ్గర శిఖరం కనిపించాలి.

ఇప్పుడు గ్లాసీ కార్బన్ ఎలక్ట్రోడ్‌ను 0.3, తర్వాత 0.05 మైక్రాన్ అల్యూమినాతో తడి గుడ్డ మీద ఎనిమిది అంకె దిద్దుతున్నట్టు రుద్దండి, నీళ్లలో కాసేపు సోనికేట్ చేయండి (అల్ట్రాసౌండ్‌తో కడగండి). శుభ్రమైందో లేదో చూడ్డానికి 5 మిల్లీమోలార్ ఫెర్రిసైనైడ్‌లో సైక్లిక్ వోల్టామెట్రీ (వోల్టేజీని పెంచి, తిరిగి తగ్గిస్తూ కరెంటు కొలవడం) నడిపితే రెండు శిఖరాల మధ్య దూరం లెక్క ప్రకారం 59 మిల్లీవోల్టులు, 100 దాటితే మళ్లీ రుద్దాల్సిందే, ఇక్కడ బద్ధకిస్తే తర్వాత వచ్చే ఏ అంకెనూ నమ్మలేం. శుభ్రమయ్యాక 5 మైక్రోలీటర్ల బంగారు ద్రావణం చుక్క వేసి ఆరనివ్వండి.

చాలామంది వెంటనే మందు కలిపేస్తారు. ఆగండి! ముందు పీహెచ్ 7 ఫాస్ఫేట్ బఫర్ ఒక్కటే పోసి డిఫరెన్షియల్ పల్స్ వోల్టామెట్రీ (వోల్టేజీని చిన్న చిన్న పల్సులుగా పెంచుతూ కరెంటు తేడా కొలిచే పద్ధతి) నడపండి. ఎందుకంటే ఆ పీహెచ్‌లో బంగారం కూడా సుమారు 0.8 వోల్టుల దగ్గర ఆక్సైడ్ కావడం మొదలుపెడుతుంది, ఇమిప్రమైన్ శిఖరం వచ్చేదీ దాదాపు అక్కడే. ఖాళీ బఫర్‌లో వచ్చిన గుట్టను మందు సంకేతమనుకుని గ్రాఫు గీస్తే ప్రాజెక్టు మొత్తం తప్పవుతుంది. పూత లేని ఎలక్ట్రోడ్, పూత ఉన్నది, మందుతో, మందు లేకుండా, నాలుగు గీతలూ ఒకే గ్రాఫులో పెట్టండి.

తర్వాత క్యాలిబ్రేషన్, అంటే తెలిసిన గాఢతలకు ఎంత కరెంటు వస్తుందో గ్రాఫు గీయడం. 3.2 మి.గ్రా. హైడ్రోక్లోరైడ్‌ను 10 మి.లీ.లో కరిగిస్తే దాదాపు 1 మిల్లీమోలార్ స్టాక్. చికిత్సలో రక్తంలో ఉండేది 1 మైక్రోమోలార్ అటూఇటూ కాబట్టి దానికి దిగువన కూడా నాలుగైదు పాయింట్లు కావాలి. ఆక్సీకరణలో పుట్టిన పదార్థం ఎలక్ట్రోడ్ మీద పొరకట్టి కరెంటు తగ్గిస్తూ పోతుంది, ప్రతి పాయింటుకూ కొత్త పూత వేసుకోవడం మంచిది. ఎండాకాలం మధ్యాహ్నం కొన్ని, ఉదయం కొన్ని తీయకండి, వేడి పెరిగితే కరెంటూ పెరుగుతుంది.

రక్తంలో ఉండి అడ్డొచ్చే యూరిక్, ఆస్కార్బిక్ ఆమ్లాలు కలిపి శిఖరం కదులుతుందేమో చూశాక మాత్ర పొడి మీద స్టాండర్డ్ అడిషన్ (నమూనాకు తెలిసినంత మందు కలుపుతూ కొలవడం) చేయండి. మనుషుల రక్తం జోలికి మాత్రం ఎథిక్స్ కమిటీ అనుమతి లేకుండా వెళ్లొద్దు.