ఎత్తిన కిటికీ నిలబడట్లేదా? సాష్ బ్యాలెన్స్: సమస్య - పరిష్కారం

అమెరికాలో ఇల్లు కొన్న మనవాళ్లకి కొత్తగా ఎదురయ్యే రిపేర్లలో ఇదొకటి. ఇండియాలో కిటికీ రెక్కలు బయటికి తెరుచుకుంటాయి, లేదంటే పక్కకి జరుగుతాయి. ఇక్కడ చాలా ఇళ్లలో అద్దం బిగించిన ఫ్రేమ్‌నే పైకి ఎత్తాలి. ఆ కదిలే ఫ్రేమ్ పేరు సాష్. దాని బరువు మోస్తూ ఎక్కడ వదిలితే అక్కడ నిలబెట్టేవి రెండు పక్కలా దాగి ఉండే బ్యాలెన్స్‌లు. ఇవి పాడైతే కొందరు కిటికీ కింద కర్రముక్క పెట్టి నెట్టుకొస్తారు. పిల్లలున్న ఇంట్లో ఆ పని వద్దు. కర్ర జారితే సాష్ నేరుగా వేళ్ల మీద పడుతుంది.

లక్షణం: చెయ్యి వదలగానే సాష్ మొత్తం జారిపోతోంది

రెండు పక్కలా స్ప్రింగ్ బలం తగ్గి ఉండాలి, లేదా తాళ్లు తెగి ఉండాలి. సాష్ పైకి ఎత్తి పక్క గాడిలోకి టార్చ్ వేసి చూడండి. తెల్లటి దారం వేలాడుతుంటే అది చానల్ బ్యాలెన్స్ (లోహపు పట్టీ లోపల స్ప్రింగ్, తాడు ఉండే రకం), లోపలి తాడు తెగిందన్నమాట. పొడవాటి సన్నని గొట్టం, అందులోంచి మెలితిరిగిన రాడ్ కనిపిస్తే స్పైరల్. టేపులా చుట్టుకున్న స్టీల్ పట్టీ కనిపిస్తే కాయిల్. స్పైరల్ ఒక్కటే ఇంకొన్ని చుట్లు తిప్పితే మళ్లీ బిగుస్తుంది. మిగతా రెండూ మార్చాల్సిందే.

ఇంకో కారణం చాలామందికి తట్టదు. అద్దం ఆవిరి పట్టి మసకబారిందని కొత్త గ్లాస్ వేయించి ఉంటే, ఆ కొత్త అద్దం పాతదానికన్నా మందంగా ఉండొచ్చు. అప్పుడు బ్యాలెన్స్ బాగానే ఉన్నా బరువు ఆనదు.

లక్షణం: ఒక పక్కే దిగి సాష్ వంకరగా నిలబడుతోంది

దీనికి పార్ట్ కొనే ముందు ఒక్కటి చూడండి. క్లీనింగ్ కోసం లోపలికి వంచగలిగే టిల్ట్ కిటికీ అయితే, సాష్ అడుగున రెండు పక్కలా చిన్న లోహపు కడ్డీ ఉంటుంది. దాని పేరు పివట్ బార్. అది గాడిలో పైకీ కిందికీ జరిగే ప్లాస్టిక్ ముక్కలో కూర్చోవాలి, ఆ ముక్క పేరు షూ. మొన్న ఎవరో అద్దం తుడిచి మళ్లీ పెట్టేటప్పుడు ఒక పక్క అది షూలో పడకపోయి ఉండొచ్చు. అప్పుడు షూ గాడిలో పైకి ఎగిరిపోయి అక్కడే ఉంటుంది. స్క్రూడ్రైవర్‌తో షూని గట్టిగా పట్టుకుని దాని లాక్ వదులు చేయండి, రెండో పక్క షూ ఉన్న ఎత్తుకి కిందికి లాగండి, మళ్లీ లాక్ తిప్పి సాష్‌ని కూర్చోబెట్టండి. అంతే, పైసా ఖర్చు లేదు. లాక్ తిప్పేటప్పుడు మొహం దూరంగా ఉంచండి, షూ స్ప్రింగ్ జోరుతో ఎగురుతుంది.

షూ సరిగానే ఉంటే ఆ పక్క బ్యాలెన్స్ పోయినట్టే. పోయింది ఒకటే అయినా రెండూ కలిపి మార్చండి. పాతదొకటి, కొత్తదొకటి లాగుతుంటే సాష్ మళ్లీ వంకరపోతుంది.

లక్షణం: ఎత్తడానికి బలం చాలట్లేదు

గాడిలో దుమ్ము, పెయింట్ పేరుకున్నాయేమో ముందు చూసి శుభ్రం చేయండి. సిలికాన్ స్ప్రే కొట్టండి. జిడ్డు నూనె వద్దు, అది దుమ్ముని ఇంకా పట్టేస్తుంది. అయినా కదలకపోతే ఫ్రేమ్ వెడల్పుని పైన, మధ్యలో, కింద మూడు చోట్ల కొలవండి. మధ్యలో తక్కువ వస్తే ఫ్రేమ్ లోపలికి వంగింది. బిగించేటప్పుడు చుట్టూ ఉబ్బే ఫోమ్ ఎక్కువ కొట్టినా, నేల కదిలి గోడ జరిగినా ఇలా అవుతుంది. టెక్సాస్‌లో బంకమట్టి నేల మీద కట్టిన ఇళ్లలో గోడ జరగడం మామూలే. దీనికి బ్యాలెన్స్ మార్చి లాభం లేదు.

లక్షణం: మూసినా దానంతటదే పైకి లేస్తోంది

బ్యాలెన్స్ బలం సాష్ బరువుకి మించిపోయింది. స్పైరల్ అయితే కొన్ని చుట్లు వదులు చేయండి. మిగతావి తక్కువ బలం ఉన్నవి తెప్పించుకోవాలి.

కొత్తది ఎలా ఎంచుకోవాలి

ఎక్కువమంది పొడవు కొలిచి ఆర్డర్ పెట్టేస్తారు. అది సగమే. పొడవు సరిపోయి బరువు సరిపోకపోతే పైన చెప్పిన ఏదో ఒక సమస్య మళ్లీ మొదటికొస్తుంది. సాష్‌ని బయటికి తీసి తూచండి. బాత్రూమ్ స్కేల్ మీద మీరొక్కరే నిలబడండి, తర్వాత సాష్ పట్టుకుని నిలబడండి. మొదట 160, తర్వాత 182 పౌండ్లు చూపిస్తే సాష్ 22 పౌండ్లు. ఆ బరువుని రెండు బ్యాలెన్స్‌లూ కలిసి మోస్తాయి. అమ్మేవాళ్లు రాసిన బరువు జతకా, ఒక్కదానికా అన్నది చూసుకోండి. తేడా ఎక్కువగా వచ్చేది ఇక్కడే. పై సాష్, కింది సాష్ ఒకే బరువు ఉంటాయనుకోకండి, కదిలేవి రెండైతే విడివిడిగా తూచండి.

చానల్ బ్యాలెన్స్ లోహం మీద 2230 లాంటి నంబర్ కొట్టి ఉంటుంది. సాధారణంగా మొదటి రెండు అంకెలు పొడవుకి గుర్తు. అసలు చానల్ తరచుగా అంతకన్నా ఒక అంగుళం ఎక్కువే ఉంటుంది, అందుకే టేపు పెట్టి కూడా కొలవండి. చివరి అంకెలు బలానికి కోడ్, నేరుగా పౌండ్లు కావు. పై, కింది చివరల్లో ఉన్న ప్లాస్టిక్ ముక్కల ఆకారం కూడా కలవాలి, ఫొటో తీసి పెట్టుకోండి.

స్పైరల్ అయితే రాడ్ వదిలేసి గొట్టం పొడవు మాత్రమే కొలవండి. గొట్టం వ్యాసం 3/8 అంగుళమా, 5/8 అంగుళమా చూడండి. రాడ్ బయటికొచ్చే చోట ఉన్న ప్లాస్టిక్ రంగు బలానికి గుర్తు, సాష్ బరువు మారకపోతే పాత రంగే తీసుకోవాలి. కాయిల్‌కి పట్టీ వెడల్పు, దాని మీద రాసిన నంబర్ చాలు.

విప్పేటప్పుడు స్పైరల్ రాడ్‌ని ఒక్కసారిగా వదలకండి, వేళ్ల మధ్య గిర్రున తిరిగి కోస్తుంది. చేతికి గ్లవ్స్, కళ్లకి రక్షణ అద్దాలు తప్పనిసరి.

డబ్బు పెట్టే ముందు కిటికీ కంపెనీ వారంటీ చూడండి. లేబుల్ చాలాసార్లు ఫ్రేమ్ పైభాగంలోనో, రెండు అద్దాల మధ్య ఉన్న పట్టీ మీదో ఉంటుంది. కొన్ని కంపెనీలు బ్యాలెన్స్‌ని ఉచితంగా పంపుతాయి. ఆ వారంటీ మొదట కొన్నవాళ్లకేనా, తర్వాత కొన్నవాళ్లకీ వర్తిస్తుందా అన్నది అడగండి.

మరీ పాత ఇల్లైతే

రెండో ప్రపంచ యుద్ధానికి ముందు కట్టిన ఇళ్లలో స్ప్రింగ్ ఉండకపోవచ్చు. బావి గిలక మీద చేదతాడులా, ఫ్రేమ్‌లోని గిలక మీదుగా వెళ్లే తాడుకి గోడలోపల ఇనుప గుండు వేలాడుతుంది. సాష్ పడిపోతోందంటే చాలావరకు తాడే తెగి ఉంటుంది, గుండు లోపలే భద్రంగా ఉంటుంది. ఫ్రేమ్ పక్కన ఉన్న చిన్న మూత తీసి గుండు బయటికి లాగి కొత్త తాడు కట్టుకోవచ్చు. కింది సాష్‌కి రెండు గుండ్ల మొత్తం బరువు సాష్ బరువుకన్నా కాస్త తక్కువుండాలి, అప్పుడే మూసినప్పుడు మూసుకునే ఉంటుంది. పై సాష్‌కి కాస్త ఎక్కువుండాలి. ఇల్లు 1978కి ముందుదైతే పెయింట్‌లో సీసం ఉండొచ్చు, కాబట్టి టెస్ట్ చేయించకుండా పొడిగా గీకకండి.