అర్ధరాత్రి మోటార్‌హోమ్ హీటర్ చల్లగాలి కొడుతుంటే: సమస్య - పరిష్కారం

అమెరికాలో నలుగురైదుగురు స్నేహితులు కలిసి మోటార్‌హోమ్ (పడకలు, పొయ్యి, హీటర్ లోపలే ఉండే బండి) అద్దెకు తీసుకుని ఎల్లోస్టోన్ నేషనల్ పార్కుకు వెళ్లి వచ్చాక చెప్పే కథ దాదాపు ఒకటే. పడుకునేటప్పుడు వెచ్చగా ఉంది, తెల్లవారుజామున మూడింటికి అందరూ వణుకుతూ లేచారు, హీటర్ ఫ్యాను తిరుగుతోంది కానీ వచ్చేది చల్లగాలి. అక్కడి మ్యాడిసన్ క్యాంప్‌గ్రౌండ్ 6,800 అడుగుల ఎత్తున ఉంది. జులైలో కూడా రాత్రి చలి సున్నా డిగ్రీల దగ్గరికి దిగుతుంది. కరెంటు కనెక్షన్ ఉండదు. అలాంటి చోట అందరి నోటా వచ్చే మొదటి మాట "గ్యాస్ అయిపోయింది". చాలాసార్లు గ్యాస్ నిండుగానే ఉంటుంది.

ముందు పొయ్యి వెలిగించి చూడండి

పది సెకన్ల పని ఇది. ఎంత చెప్పినా ఎవరూ చేయరు. నీలిమంట నిలకడగా వస్తే గ్యాస్ ఉన్నట్టే, ఇక దాని సంగతి వదిలేయండి. చూసిన వెంటనే పొయ్యి ఆర్పేయండి. మూసి ఉన్న బండిలో వెచ్చదనం కోసం పొయ్యి వెలిగించి పడుకోవడం ప్రాణాల మీదికి తెస్తుంది.

పొయ్యి కూడా వెలగకపోతే బయట ప్రొపేన్ ట్యాంకు వాల్వు చూడండి. పెట్రోలు పోయించుకునేటప్పుడు ఒకరు కట్టేస్తారు, తెరిచే పని ఇంకొకరు చేశారనుకుంటారు. వాల్వును ఒక్కసారిగా తిప్పి తెరిచినా లోపలి రక్షణ వాల్వు గ్యాస్‌ను ఆపేస్తుంది. పూర్తిగా కట్టి, రెండు నిమిషాలు ఆగి, నెమ్మదిగా తెరవండి.

పొయ్యి వెలిగింది, హీటర్ వెలగలేదు

థర్మోస్టాట్ (ఎంత వేడి కావాలో పెట్టే మీట) ఆపి, ఒకటి రెండు నిమిషాలు ఆగి, మళ్లీ వేసి, హీటర్ జాలీ దగ్గర చెవి పెట్టండి. ముందు ఫ్యాను మొదలవుతుంది. పావు నిమిషమో అర నిమిషమో గడిచాక 'టక్'మని గ్యాస్ తెరుచుకుని, టిక్‌టిక్‌మని నిప్పురవ్వ చప్పుడు రావాలి. ఆ చప్పుడు వచ్చి కూడా మంట అంటుకోకపోతే గొట్టంలో గాలి చేరి ఉంటుంది. రెండు మూడు సార్లు ఇలాగే ఆపి వేస్తే సర్దుకుంటుంది.

ఫ్యాను తిరుగుతూనే ఉండి టిక్‌టిక్ అసలు వినిపించకపోతే మాత్రం మీ సమస్య హౌస్ బ్యాటరీ, అంటే ఇంజినుది కాకుండా లోపలి లైట్లు, ఫ్యాను నడిపే వేరే బ్యాటరీ. ఫ్యాను తిరుగుతోంది కదా, బ్యాటరీ ఎందుకు లేదంటారని అందరూ వాదిస్తారు. ఫ్యాను గాలి దారిలో ఒక పల్చటి రేకు ఉంటుంది. గాలి దాన్ని గట్టిగా నెడితేనే స్విచ్చి కలుస్తుంది, కలిస్తేనే గ్యాస్ తెరుచుకుంటుంది. చాలినంత గాలి లేకుండా మంట రాజుకోకూడదని పెట్టిన ఏర్పాటు అది. వోల్టేజీ తగ్గితే ఫ్యాను ఆగదు, కాస్త నెమ్మదిస్తుంది. చెవికి తేడా తెలియదు, రేకు మాత్రం కదలదు. పైగా ఆ చల్లగాలి కొడుతున్నంతసేపూ ఫ్యాను మిగిలిన బ్యాటరీని కూడా తాగేస్తుంది.

ప్యానెల్‌లో లైట్లన్నీ వెలిగాయి కదా?

దాదాపు అందరూ దెబ్బతినేది ఇక్కడే. సాయంత్రం జనరేటర్ నడుస్తుండగా, లేదా బండి ఇంజిను ఆపకముందే, లోపల బ్యాటరీ ఎంతుందో చూపే ప్యానెల్ బటన్ నొక్కుతారు. నాలుగు లైట్లూ వెలుగుతాయి. నిండిందని నిశ్చింతగా పడుకుంటారు. ఆ సమయంలో ప్యానెల్ చూపించేది ఛార్జర్ ఇస్తున్న 13.6 వోల్టులు, బ్యాటరీలో ఉన్నది కాదు. సగం ఖాళీగా ఉన్న బ్యాటరీ కూడా అప్పుడు నిండుగానే కనిపిస్తుంది.

సరిగ్గా చూడాలంటే జనరేటర్, ఇంజిను రెండూ ఆపి, లోపల రెండు మూడు లైట్లు వేసి, పది నిమిషాలు ఆగి అప్పుడు నొక్కండి. ప్యానెల్ వోల్టులు చూపేదైతే, మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండితే 12.6 వోల్టుల దరిదాపుల్లో, సగమైతే 12.1 దగ్గర ఉంటుంది. లైట్లు వేసి చూస్తారు కాబట్టి అంకె దానికంటే కొంచెం తక్కువే కనిపిస్తుంది. 12కు బాగా దిగువన ఉంటే ఆ రాత్రి హీటర్ మీద ఆశ పెట్టుకోకండి.

మొదటి రాత్రి ఇబ్బంది రాదు, ఎందుకంటే పగలంతా బండి నడిచి ఛార్జయి ఉంటుంది. రెండో రోజు అక్కడే ఆగిపోతారు. పొద్దున కాఫీ కోసం అరగంట జనరేటర్ వేసి, అది చాలనుకుంటారు. లెడ్ యాసిడ్ బ్యాటరీ సగం నుంచి నిండటానికి గంటలు పడుతుంది. ఇన్వర్టర్ ఉన్న బండిలో అయితే రాత్రి రైస్ కుక్కర్ పెడతారు. 500 వాట్ల కుక్కర్ 12 వోల్టుల బ్యాటరీ నుంచి 45 యాంపియర్లు లాగుతుంది. హీటర్ ఫ్యానుకు సుమారు 8 చాలు. అంటే అరగంట అన్నం వండితే మూడు గంటల వెచ్చదనం పోయినట్టే. అన్నం గ్యాస్ పొయ్యి మీదే వండండి, లేదా జనరేటర్ నడిచేటప్పుడు కుక్కర్ పెట్టండి. పని అయ్యాక ఇన్వర్టర్ ఆపండి. ఏమీ తగిలించకపోయినా అది కరెంటు తింటూనే ఉంటుంది.

ఆ రాత్రికి ఏం చేయాలి?

థర్మోస్టాట్, ఇన్వర్టర్, నీళ్ల పంపు, లైట్లు అన్నీ ఆపండి. అరగంట విశ్రాంతి దొరికితే బ్యాటరీ కాస్త తేరుకుంటుంది. అప్పుడు థర్మోస్టాట్ తక్కువలో పెట్టి ఒక్కసారి ప్రయత్నించండి. కుదరకపోతే దుప్పట్లే దిక్కు. ఎల్లోస్టోన్‌లో జనరేటర్ అనుమతించే క్యాంప్‌గ్రౌండ్లలో కూడా ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకే వేయాలి. అందుకే ఏడింటికల్లా ఒకరు ఈ బ్యాటరీ లెక్క చూడాలి. 'ఎవరో ఒకరు చూస్తారు' అనుకుంటే ఎవరూ చూడరు కనుక పేరు పెట్టి ఆ పని అప్పగించండి.

పొద్దున జనరేటర్ స్టార్ట్ కాకపోతే పెట్రోలు ముల్లు చూడండి. బండి ట్యాంకు నుంచే తాగే జనరేటర్లు పావు ట్యాంకు దగ్గర ఆగిపోతాయి, మీరు దారిలో చిక్కుకుపోకూడదని అలా అమర్చారు. పెట్రోలు ఉండి కూడా తిరగకపోతే, డాష్‌బోర్డు మీది బ్యాటరీ బూస్ట్ స్విచ్చి నొక్కి పట్టుకుని స్టార్ట్ చేయండి. అప్పుడు ఇంజిను బ్యాటరీ సాయం చేస్తుంది.

రేకు దగ్గర దుమ్మో వెంట్రుకలో ఇరుక్కోవడం, సర్క్యూట్ బోర్డు పోవడం అరుదు. బ్యాటరీ నిండుగా ఉండి కూడా టిక్‌టిక్ రాకపోతే బండి అద్దెకిచ్చినవాళ్లకు ఫోన్ చేయండి, మీరు విప్పకండి. బ్యాటరీ తగ్గినప్పుడు గ్యాస్ అలారం అప్పుడప్పుడు కీచుమంటుంది. చిరాకుపడి దాని వైరు పీకేసినవాళ్లను చూశాను. దాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ ముట్టుకోకండి. ఆగకుండా మోగితే అది బ్యాటరీ సంగతి కాదు, అందరినీ లేపి బయటికి నడవండి.