ఇంజన్ కింది గేర్ బాక్స్ ఇసుకకు తగిలిందా?

కళింగపట్నం దగ్గర వంశధార సముద్రంలో కలిసే మొగలో ఇసుక మేట ఎప్పుడు ఎటు జరుగుతుందో చెప్పలేం. దాటేటప్పుడు పడవ వెనక బిగించే అవుట్‌బోర్డు ఇంజన్ కింది భాగం నేలకు తగిలితే, ఒడ్డుకు రాగానే స్పార్క్ ప్లగ్ వైరు తీసేసి ముందు ఫ్యాన్ (ప్రొపెల్లర్) విప్పి చూడండి. అందరూ బయటి గీతలే చూసుకుంటారు గానీ, అసలు ప్రమాదం ఫ్యాన్ వెనక షాఫ్టుకు చుట్టుకున్న వల దారం. ఆ నైలాన్ దారం, గేర్ బాక్స్‌లోకి నీరు రాకుండా ఆపే ఆయిల్ సీలును కోసేస్తుంది, గేర్లలోకి ఉప్పునీరు దిగుతుంది.

ఇంజన్‌ను రాత్రంతా నిలువుగా ఉంచి, పొద్దున్నే గేర్ బాక్స్ ఆయిల్ దించే కింది స్క్రూ కాస్త వదులు చేయండి. ముందు నీటి చుక్కలు పడినా, ఆయిల్ పాలు కలిపిన టీలా కనిపించినా నీరు చేరినట్టే. సీలు సంగతి తేల్చకుండా దయచేసి వేటకు వెళ్లొద్దు. గేర్లు, బేరింగులు తుప్పు పట్టాక ఖర్చు తట్టుకోలేం. ఆయిల్ బాగుంటే కొత్త వాషర్లు వేసి, కింది రంధ్రం నుంచే, పై రంధ్రంలోంచి పొంగేదాకా గేర్ ఆయిల్ ఎక్కించండి.

చిన్న గీతలకు ఆకురాయి పట్టి, మంచినీళ్లతో కడిగి ఆరబెట్టి, అల్యూమినియం ప్రైమర్, ఆపైన రంగు. పడవ అడుగుకు వేసే రాగి కలిసిన రంగు మాత్రం వద్దు, అల్యూమినియాన్ని తినేస్తుంది. ఇంజన్‌కు బదులు తాను తుప్పు పట్టేలా బిగించిన జింకు ముక్కకు ఏ రంగూ తగలనివ్వకండి. పగులు కనిపిస్తే ఎపాక్సీ ముద్దతో సరిపెట్టకుండా మెకానిక్‌కి చూపించండి.