జడ్జిగారి పనితీరును ఎలా తూచాలి

ఒడిశాలోని పర్లాకిమిడిలో మాది తెలుగు ఇల్లు. పొలం పంపకం దావాలో ప్రతి వాయిదాకీ వెళ్లాను. గెలుపోటములను బట్టి జడ్జిగారిని తూచకండి. ఒక నోటుపుస్తకం పెట్టుకోండి.

ముందు భాష చూడండి. మా అమ్మకు ఒడియా రాదు. ఆమె తెలుగులో చెప్పిన సాక్ష్యం ఒడియాలో రాశాక, జడ్జిగారు దాన్ని తెలుగులో వినిపించమన్నారు. గట్టు తూర్పున ఉందని పడింది. "కాదు బాబూ, పడమర" అంది అమ్మ. వెంటనే దిద్దించారు. సివిల్ దావాలు ఎలా నడపాలో చెప్పే చట్టం, సివిల్ ప్రొసీజర్ కోడ్. అందులో ఆర్డర్ 18, రూల్ 6 చెప్పేది ఇదే. నా దృష్టిలో ఇంతకంటే పెద్ద కొలత లేదు.

తర్వాత వాయిదాలు. ఎవరు అడిగారు, ఎందుకు అడిగారు, ఆ కారణం ఆర్డర్ షీటులో (ప్రతి వాయిదాకి కోర్టు రాసే కాగితంలో) ఎక్కిందా అన్నది రాసుకోండి. అదే కోడ్‌లోని ఆర్డర్ 17 ప్రకారం విచారణలో ఒక పక్షానికి మూడు వాయిదాలే. ఈ-కోర్ట్స్ యాప్‌లో సీఎన్ఆర్ నంబరు (ప్రతి కేసుకీ ఉండే ప్రత్యేక నంబరు) కొడితే తేదీలన్నీ దొరుకుతాయి. లాయర్లు సమ్మె చేసిన రోజుల్ని మాత్రం జడ్జిగారి ఖాతాలో వేయకండి, అది అన్యాయం.

తీర్పు అప్పటికప్పుడు చెప్పకపోతే, వాదనలు ముగిసిన 30 రోజుల్లో చెప్పడానికి ప్రయత్నించాలి. చేతికొచ్చాక, ఓడినవాళ్ల వాదనకు అందులో జవాబుందో లేదో వెతకండి.

ఇలాంటి కింది కోర్టుల జడ్జీలపై అజమాయిషీ రాజ్యాంగం 235వ అధికరణం కింద హైకోర్టుది. మాకైతే అది కటక్‌లో ఉంది.