మాజీ కమాండో మెక్సికన్ కార్టెల్‌లో చేరిన కథను రాయదలచినవారికి

ఈ ఇతివృత్తంతో నవల రాయబూనినవారి తొలి ప్రతులు చాలా వరకు ఒకే తీరుగా మొదలవుతాయి. అర్ధరాత్రి ఎడారిలో కాల్పులు జరుగుతుంటాయి, ఒంటరి వీరుడొకడు పదిమందిని మట్టి కరిపిస్తాడు, ఆ తరువాత ప్రభుత్వం తనకు చేసిన ద్రోహాన్ని తలచుకుని పళ్లు కొరుకుతాడు. నా మొదటి ప్రయత్నం కూడా అలాగే మొదలై, నలభై పేజీల దగ్గర కదలలేక ఆగిపోయింది. మెక్సికోలో నిజంగా జరిగినదానిని చదవడం మొదలుపెట్టాక నాకు అర్థమైనదేమిటంటే, అక్కడ కార్టెల్‌లో, అంటే మాదకద్రవ్యాల ముఠాలో, చేరిన సైనికుడు ఒంటరివాడు కాడు. అతడు సహచరులను, హోదాల వరుసను, రేడియో సంకేతాలను, ఆజ్ఞకు తలవంచే అలవాటును వెంటబెట్టుకుని వెళ్లాడు. కథ బలమంతా ఆ మూటలోనే ఉంది కనుక, పాత్రకు పేరు పెట్టక ముందే ఆ మూటలో ఏమేమి ఉన్నాయో రాసుకోవాలి.

అన్నిటికంటే ముందు సంవత్సరాన్ని నిర్ణయించుకోండి. 1998లో చేరినవాడి కథకూ 2008లో చేరినవాడి కథకూ పోలిక తక్కువ. 1996 జనవరిలో హువాన్ గార్సియా ఆబ్రెగో అరెస్టయ్యాక గల్ఫ్ కార్టెల్‌లో పెత్తనం కోసం పెనుగులాట సాగింది. ఆ పెనుగులాటలో పైకి వచ్చిన ఒసియెల్ కార్దెనాస్ గియెన్‌కు సొంత మనుషుల మీదే నమ్మకం లేదు. తన దారికి అడ్డమనుకున్న స్నేహితుణ్ణే చంపించి ‘మిత్రహంతకుడు’ అనే మారుపేరు తెచ్చుకున్న అతడికి, చుట్టూ కాపలాగా నిలబడే శిక్షణ పొందిన మనుషులు కావలసివచ్చారు. సైన్యంలో లెఫ్టినెంటుగా పనిచేసిన ఆర్తూరో గుస్మాన్ దెసేనా అలా అతడి వద్దకు చేరి, మరో ముప్ఫై మందిని వెంట చేర్చుకున్నాడు. లాస్ జెటాస్ అనే సాయుధ ముఠా పుట్టుక అదే. మీ కథ ఆ కాలానిదైతే, కథానాయకుడు ఒక భయస్థుడైన యజమానికి అంగరక్షకుడిగా కొలువులో కుదురుతాడు. అదే 2006 డిసెంబరు తరువాతిదైతే, అధ్యక్షుడు ఫెలిపె కాల్దెరోన్ సైన్యాన్ని వీధుల్లోకి దింపాడు కాబట్టి, అతడు తన పాత పటాలం మీదికే తుపాకీ ఎత్తవలసి ఉంటుంది. ఈ రెండింటినీ కలిపేస్తే రెండూ చెడతాయి.

తరువాతి ప్రశ్న, అతడు బారకాసులోంచి ఏ తలుపు గుండా బయటికి నడిచాడన్నది. రచయితలు దీనిని ఒక్క వాక్యంలో దాటవేస్తారు గాని, నా దృష్టిలో నవలలో మొదటి మూడోవంతు దీనికే చెందాలి. 1990ల ద్వితీయార్ధంలో మెక్సికో ప్రభుత్వం అవినీతిమయమైన ఫెడరల్ జ్యుడీషియల్ పోలీసు విభాగాన్ని చక్కదిద్దాలన్న ఆలోచనతో సైనికులను అందులోకి పంపింది. సరిహద్దు రాష్ట్రమైన తమౌలిపాస్‌కు వెళ్లిన ఆ సైనికులు, లంచం రోజువారీ కూలిలాగా చేతులు మారే చోట, కార్టెల్ మనుషులతో ఒకే హోటల్లో భోజనం చేస్తూ, ఒకే ఊళ్లో తిరుగుతూ పనిచేయవలసివచ్చింది. అంటే దొంగను పట్టడానికి పంపినవాడికి దొంగ ఇల్లు చూపించింది ప్రభుత్వమే. ‘జెటా’ (స్పానిష్‌లో Z అక్షరం) అన్న పేరు కూడా ఆ పోలీసు రేడియో సంకేతాల నుంచే వచ్చిందని చెబుతారు. కాబట్టి మీ నాయకుడు ఒకానొక రాత్రి హఠాత్తుగా మనసు మార్చుకోనక్కరలేదు. మొదట ఒక సమాచారం చేరవేస్తాడు, ఆ తరువాత ఒక వాహనాన్ని తనిఖీ లేకుండా పోనిస్తాడు, సెలవు మీద వెళ్లి రెండు రోజులు ఆలస్యంగా వస్తాడు, చివరికి ఒక సోమవారం హాజరు పలకడు. ఆ జారుడును అధ్యాయానికొక మెట్టుగా రాస్తే, చదివేవాడికి అతడు ఎప్పుడు గీత దాటాడో వేలు పెట్టి చూపడం కష్టమవుతుంది. మీకు కావలసింది అదే.

కారణాల విషయంలో పొదుపు పాటించండి. చంపబడిన భార్య, ద్రోహం చేసిన జనరల్ వంటి అరువు సరుకును పక్కన పెట్టి, 2008 ఏప్రిల్‌లో సరిహద్దు పట్టణమైన న్యూవో లారెడోలో రోడ్డు మీది వంతెనకు వేలాడిన ఒక గుడ్డ బ్యానరును గుర్తుచేసుకోండి. సైనికులారా, మాజీ సైనికులారా, జెటాస్ దళానికి మీరు కావాలి, మంచి జీతం, భోజనం, మీ కుటుంబానికి ఆదరణ ఇస్తాము, ఇక ఆకలితోను అవమానంతోను బాధపడకండి అని దాని సారాంశం. మేము మారుచాన్ నూడుల్స్ పెట్టము అన్న ఎత్తిపొడుపు కూడా అందులో ఉంది. సాధారణ సైనికుడి జీవితం తెలిసినవాడు తప్ప ఆ మాట రాయలేడు. కప్పులో వేడినీళ్లు పోసుకుని తినే ఆ నూడుల్స్ మీద ఒక పేరా రాస్తే, దేశద్రోహం గురించిన పది పేజీల స్వగతం అవసరం పడదు.

అయితే ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. విసెంతె ఫాక్స్ అధ్యక్షుడిగా ఉన్న 2000–2006 మధ్య కాలంలో లక్షకు పైగా సైనికులు కొలువు విడిచి పారిపోయారు. వారిలో అత్యధికులు కార్టెల్ గడప తొక్కినవారు కారు. చాలని జీతానికి, ఇంటికి దూరమైన బతుకుకు విసిగినవారే. మీ నాయకుడి పక్కన అలా పారిపోయి మామూలుగా బతుకుతున్న మరో సైనికుణ్ణి నిలబెట్టండి. ఒకే పేదరికం నుంచి వచ్చిన ఇద్దరిలో ఒకడు ట్రక్కు నడుపుకుంటూ ఉంటే, పేదరికమే అంతా చేయించిందని మీ నాయకుడు చెప్పుకునే సాకు దానంతటదే పలచబడుతుంది.

దళం వివరాలు తప్పు పోకూడదు. మెక్సికన్ సైన్యపు ప్రత్యేక దళాన్ని గాఫే అనే సంక్షిప్త నామంతో పిలిచేవారు. దానికి మూలం 1986లో మెక్సికోలో ప్రపంచ ఫుట్‌బాల్ కప్పు పోటీల భద్రత కోసం ఏర్పడిన దళం. 1994లో చియాపాస్ రాష్ట్రంలో ఆదివాసీల జపతిస్తా తిరుగుబాటు తలెత్తాక ఈ తరహా దళాల ప్రాముఖ్యం పెరిగింది. తొలి జెటాస్ అందరూ గాఫే కమాండోలని వార్తలు రాసినా, వారిలో మామూలు పదాతిదళం నుంచి వచ్చినవారూ ఉన్నారు. జెటా-3గా పేరుపడి తరువాత ముఠా నాయకుడైన ఎరిబెర్తో లస్కానో 1991లో సైన్యంలో చేరి, 1998లో బయటికి వచ్చేనాటికి ఉన్నతాధికారేమీ కాడు. పాత్రకు కర్నల్ హోదా తగిలించాలన్న ఉబలాటం ఉంటే దానిని అణచుకోండి, ఎందుకంటే కింది హోదాలో ఉన్నవాడు ఒక్కసారిగా ‘కమాందాంతె’, అంటే కమాండర్ అని పిలిపించుకోవడంలో ఉన్న మత్తు కర్నల్‌కు ఎక్కదు.

నాయకుడు మెక్సికన్ కాకపోయినా కథ మెక్సికోలోనే నడవవచ్చు. గ్వాటెమాలా కమాండోలైన కైబీల్‌ల నుంచి కూడా జెటాస్ మనుషులను తీసుకున్నారు. ‘ముందుకు సాగితే నా వెంట రా, ఆగితే నన్ను తొందరపెట్టు, వెనుదిరిగితే నన్ను చంపు’ అన్నది ఆ దళపు నినాదం. కైబీల్‌ను ఎంచుకున్నవారు అతడి వయసును లెక్క కట్టుకోవాలి. 1982 డిసెంబరులో గ్వాటెమాలా సైన్యం దోస్ ఎర్రెస్ అనే గ్రామాన్ని నేలమట్టం చేసింది. ఆ పనిలో పాల్గొన్న ఇరవై ఏళ్ల కుర్రవాడు 2005 నాటికి నలభై దాటి ఉంటాడు, అంటే మెక్సికోకు వచ్చేసరికే అతడి వెనుక ఒక ఊరి శవాలు ఉంటాయి. ఇంకా ఇటీవలి కథ కావాలంటే కొలంబియా మాజీ సైనికులు ఉన్నారు. 2025లో మిచోవాకాన్ రాష్ట్రంలో సైనికులను బలిగొన్న మందుపాతర పేలుడు కేసులో అలాంటివారు అరెస్టయ్యారు.

ఇక అతడు కార్టెల్‌కు ఏమి తెచ్చి ఇస్తాడు? తుపాకుల పేర్లు జాబితాగా రాయడం మీద నాకు సదభిప్రాయం లేదు. తుపాకులకు కొదవ లేదు. 2011లో పట్టుబడిన తొలితరం జెటా ఒకడు పోలీసుల ముందు కెమెరాతో మాట్లాడుతూ ఆయుధాలన్నీ అమెరికా నుంచే కొనుక్కున్నామని చెప్పాడు. కార్టెల్‌లో లేనిది పద్ధతి. ఎవరు ఎవరికి జవాబుదారీ, పహరా ఎన్ని గంటలకు మారాలి, ఖర్చు లెక్క ఎవరికి చూపాలి, చనిపోయినవాడి కుటుంబానికి డబ్బు ఎవరు చేరవేయాలి అన్న విషయాలు సైనికుడు తెచ్చినవి. ఒక్కో వాహనంలో తిరిగే సాయుధుల జట్టును ‘ఎస్తాకా’ అని, వీధి మూలల్లో నిలబడి కబురు చేరవేసేవాణ్ణి ‘హల్కోన్’, అంటే డేగ అని, ఒక ముఠా చేతిలో ఉన్న ఊరిని ‘ప్లాజా’ అని, వ్యాపారుల నుంచి గుంజే మామూలును ‘పీసో’ అని అంటారు. ఈ నాలుగు మాటలను మొదటిసారి వచ్చినప్పుడు సందర్భంలోనే విప్పి చెప్పి, ఆ తరువాత యథాతథంగా వాడుకోండి. అడుగడుగునా అర్థం చెబుతుంటే కథ నిఘంటువైపోతుంది. సొంత రేడియో వ్యవస్థ కూడా జెటాస్ ప్రత్యేకతే. కొండల మీద యాంటెనాలు నాటి అనేక రాష్ట్రాల మేర మాటలు కలిపిన ఆ వ్యవస్థను సాయుధ బలగాలు 2011లో చోటుచోటా పెకలించాయి. దాని కోసం అపహరించిన టెక్నీషియన్లలో తిరిగి రానివారు ఉన్నారు. మీ నాయకుడి క్రూరత్వాన్ని చూపడానికి, తల వంచుకుని తీగలు కలుపుతున్న ఆ టెక్నీషియన్ చాలు.

పద్ధతి ఎంతటి పని చేస్తుందో చూపే సంఘటన కావాలంటే 2009 మేలో సకాతేకాస్ రాష్ట్రంలోని సియెనెగీయాస్ జైలు నుంచి 53 మంది ఖైదీలు బయటపడ్డ ఉదంతాన్ని చదవండి. పోలీసు వేషాల్లో వచ్చినవారు నిమిషాల్లో, ఒక్క గుండు పేల్చకుండా పని ముగించుకుపోయారు. దానిని నవలలో వాడుకుంటే, జరిగినదానిని క్లుప్తంగా చెప్పి, మరునాడు విచారణకు నిలబడ్డ కాపలాదారుల ముఖాల మీద ఎక్కువసేపు నిలవండి. ఎలా చేశారన్న సాంకేతిక వివరం పాఠకుడికి కుతూహలమే తప్ప కథకు బలం కాదు.

స్థలాన్ని ఎంచుకోవడంలో ఎడారిని వదిలేసి సరిహద్దు పట్టణానికి రండి. 1994లో ఉత్తర అమెరికా స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం అమలులోకి వచ్చాక న్యూవో లారెడో వంతెనల మీద సరుకు లారీల బారులు పెరిగాయి. ఆ బారుల కోసమే ప్రత్యర్థి ముఠా అయిన సినలోవా కార్టెల్ అక్కడికి దండెత్తింది. 2005 జూన్ 8న ఆ ఊరి పోలీసు అధిపతిగా ప్రమాణం చేసిన వ్యక్తిని ఆ రోజే కాల్చి చంపారు. ఊరు మాత్రం మరునాడూ లారీలు కడిగింది, పిల్లలను బడికి పంపింది, బడి గంట కొట్టింది. అక్కడి పత్రికలు తుపాకీ మోతల తరువాత కొన్ని వార్తలు రాయడం మానుకున్నాయి కనుక, మీ కథలోనూ కొన్ని సంగతులను పాత్రలు గుసగుసగానే తెలుసుకోవాలి. అన్నీ తెలిసిన కథకుడి గొంతు ఆ ఊరికి నప్పదు.

కథ నడిమి భాగంలో మీ నాయకుడు అవసరం లేనివాడు కావాలి. ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు, చివరి వరకూ అతణ్ణే అందరికంటే ప్రమాదకారిగా ఉంచుతారు. జరిగింది వేరు. గుస్మాన్ దెసేనా 2002 నవంబరులో మాతామోరోస్‌లో ఒక రెస్టారెంటులో కాల్పుల్లో పోయాడు, వయసు 26. యజమాని కార్దెనాస్ 2003 మార్చిలో పట్టుబడ్డాడు. సైనికులు నేర్పిన క్రమశిక్షణను ఎన్నడూ యూనిఫాం తొడగని కుర్రాళ్లు అందిపుచ్చుకున్నారు. 2010 తొలి నెలల్లో జెటాస్ గల్ఫ్ కార్టెల్‌తో తెగదెంపులు చేసుకున్నారు, లస్కానో తరువాత పగ్గాలు పట్టిన మిగెల్ త్రెవీన్యో మొరాలెస్ సైన్యంలో ఒక్క రోజూ పనిచేసినవాడు కాడు. మీ నాయకుడు తాను శిక్షణ ఇచ్చిన పంతొమ్మిదేళ్లవాడి కళ్లలో తన పాఠాన్నే చూసి జంకే దృశ్యం నవలకు వెన్నెముక అవుతుంది.

హింసను రాయకుండా ఈ కథ పూర్తికాదు, అయితే ఎవరి వైపు నుంచి రాస్తున్నారన్నది ముఖ్యం. 2010 ఆగస్టులో సాన్ ఫెర్నాందోలో 72 మంది వలస కూలీలను చంపినప్పుడు, గాయపడిన ఒక ఈక్వెడార్ యువకుడు తప్పించుకుని నడిచి నౌకాదళ తనిఖీ కేంద్రానికి చేరాడు, లోకానికి సంగతి అలా తెలిసింది. అలాంటి ఘట్టాన్ని చంపేవాడి కళ్లతో రాస్తే అది ప్రదర్శన అవుతుంది, నడుస్తున్నవాడి కాళ్లతో రాయండి. బతికి ఉన్న బాధితుల పేర్లు వాడవద్దు, నిజమైన ముఠా నాయకులకు మీ ఊహాజనిత సంభాషణలు అంటగట్టవద్దు. వారిని దూరంగా, రేడియోలో వినిపించే సంకేతాలుగా ఉంచితే సరిపోతుంది.

భాష సంగతి కొంచెం. స్పానిష్ పేర్లను ఇంగ్లీషు ఉచ్చారణతో రాయకండి. ‘హెచ్’ పలకదు, ‘జె’ ‘హ’ అవుతుంది. సైనికులను జనం ఎగతాళిగా ‘గ్వాచో’ అంటారు. మీ నాయకుడు ఒకప్పుడు ఆ మాట పడ్డవాడు, తరువాత అదే మాటను మరొకరి మీద విసిరేవాడు. ఆ ఒక్క మాట రెండు చోట్లా వచ్చేలా చూసుకుంటే అతడెంత దూరం వచ్చాడో వివరించనక్కరలేదు.

ముగింపుకు వీరమరణం రాయాలనిపిస్తే లస్కానో అంతాన్ని ముందు చదవండి. 2012 అక్టోబరు 7న కొవావీలా రాష్ట్రంలోని ప్రోగ్రెసో అనే చిన్న ఊళ్లో నౌకాదళ సైనికులు ఇద్దరిని కాల్చి చంపారు. వారిలో ఒకడు లస్కానో అని చంపినవారికి అప్పటికి తెలియదు. వేలిముద్రలు, ఫొటోలు తీసుకుని శవాలను అంత్యక్రియల సంస్థకు పంపారు. తెల్లవారకముందే సాయుధులు వచ్చి శవాలను ఎత్తుకుపోయారు, దేశపు అత్యంత ప్రమాదకర నేరస్థులలో ఒకడు తమ చేతికి చిక్కాడని ప్రభుత్వం తెలుసుకునేసరికి చూపించడానికి దాని వద్ద కాగితం మీది వేలిముద్రలు, ఫొటోలే మిగిలాయి. మీ చివరి అధ్యాయాన్ని ఆ అంత్యక్రియల సంస్థలో రాత్రి పని చేస్తున్న గుమాస్తా బల్ల దగ్గర మొదలుపెట్టి, అతడు రిజిస్టరులో పేరు రాయవలసిన గడిని ఖాళీగా వదిలి పెన్ను మూసేచోట ఆపండి.